ఎండ తాగిన చీర

ఇస్త్రీ పెట్టె కింద కొత్త గుడ్డ వేడెక్కితే ఒక వాసన వస్తుంది, సగం గంజి, సగం మందు. వనపర్తిలో విందులకు బల్లలు అలంకరించడం నా పని. ఈస్టర్ వారమంతా ఆ వాసనలోనే ఉంటాను. లేత గులాబీ, లేత ఊదా, పిస్తా, వెన్న రంగు. "ముదురు రంగులు వద్దు మేడం, కళ్లకు చల్లగా ఉండాలి" అంటారు అందరూ, తామే కనిపెట్టినట్టు! అలాంటి బల్లను నేను మొదట చూసింది ఫోనులో కాదు. ధరూర్ దగ్గర మా ఊరి రేకుల చర్చిలో. దాన్ని సిద్ధం చేసేది రూతమ్మ పెద్దమ్మ.

ఆమె మాకు చుట్టం కాదు. పక్కింటావిడ. పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. వారమంతా వేరుశనగ చేలల్లో కూలికి పోయేది, చర్చి తాళం చెవి ఆమె కొంగున ఉండేది. ఈస్టర్ నాడు తెల్లవారు ప్రార్థన అయ్యాక మా వాడంతా కలిసి ప్రేమవిందు తింటాం. ఆ ఏడాది చనిపోయిన ఆడవాళ్ల చీరలను విందు బల్ల మీద పరవడం మా ఆచారం. చీర పరిచేది సొంత మనుషులే. "గా తల్లులు పండక్కి రావొద్దా? వాళ్లకు జాగ ఉండాలె గద" అనేది పెద్దమ్మ. అన్నీ చేనుకు కట్టిన నూలు చీరలే. ఎరుపు గులాబీగా, ఆకుపచ్చ చిగురు రంగుగా మారి ఉండేవి. ఒకసారి నేను "గీ ఎలిసిపోయిన చీరలేంది పెద్దమ్మా?" అని నవ్వాను. ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎలుసుడేంది, నోరు మూయ్! ఎండ తాగినయవి. నీడపట్టున కూసున్నోళ్ల చీర గిట్లయితదా?"

నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ పుణెలో భవనాల పనికి పోయి, జ్వరంతో అక్కడే చనిపోయింది. శవాన్ని తేలేక నాన్న అక్కడే పాతిపెట్టి, అమ్మ కట్టిన లేత గులాబీ చీర పట్టుకుని ఇల్లు చేరాడు. "మీ అమ్మకు ఈడ సమాధి లేదు బిడ్డా. గా బల్ల మీదనే జాగ. చీర పైలం" అంది పెద్దమ్మ. కానీ ఆ పండక్కి మా బడి పిల్లలు వస్తామన్నారు. అందరి ముందు అమ్మ పాత చీరతో కనబడుతుందని నాకు తలకొట్టేసినట్టయింది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఒక్క కొత్త చీరా కట్టలేదు, ఇప్పుడన్నా కట్టనీ అనుకున్నాను. గద్వాలలో ఎర్ర రంగు పొడి కొనుక్కొచ్చి, ఉప్పు వేసి మరిగించి, చీరను ముంచేశాను.

పండగ ముందురోజు పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఎందుకు జేసినవే గిట్ల?"

"అమ్మ మంచిగ కనబడాలని."

ఆమె తిట్టలేదు, చీరను నా ముఖం దగ్గర పెట్టింది, అంతే. రంగు వాసన తప్ప ఇంకేమీ లేదు. అమ్మను నా చేతులతో నేనే ఉతికేశానని అప్పుడు తెలిసింది. గుక్కపట్టి ఏడ్చాను. రంగు దిగి పక్క చీరలకు అంటుతుందని దాన్ని బల్ల మీద వేయనివ్వలేదు పెద్దమ్మ. చీరల మధ్య జానెడు చెక్క ఖాళీగా వదిలింది. "జాగ ఉంచిన. రంగు దిగినంక నువ్వే ఎయ్యి" అంది.

ఆ చీరను ఆమే కట్టుకుంది. ఎర్రటి ఎండలో, వేరుశనగ చేలల్లో, ఏళ్ల తరబడి. చేను నుంచి రాగానే ఉతికి మళ్లీ ఎండకే ఆరేసేది. ప్రతి ఈస్టర్‌కూ కొంగు వెలుగులో పట్టి చూసి, "ఇంకా కాలే బిడ్డా, ఇంకో ఎండకాలం గావాలె" అనేది. బల్ల మీద జానెడు ఖాళీ అలాగే ఉండేది.

తర్వాత నేను నాగర్‌కర్నూల్‌లో కాలేజీకి, వనపర్తికి పనికి వచ్చేశాను. మూడేళ్లు వరసగా ఆమె ఫోన్ చేసింది. "ఈస్టర్‌కు రా కరుణా, జర పనున్నది." ఏం పని అని ఒక్కసారీ అడగలేదు నేను. "సీజన్ పెద్దమ్మా, పండగ తెల్లారి వస్త" అనేదాన్ని. తెల్లారి ఇంకెవరిదో బల్ల ఉండేది. ఆ తర్వాతి వానాకాలంలో ఆమె పోయింది. మట్టికి కూడా నేను అందలేదు. నా అంత పాపిష్టిది ఉండదు.

నిరుడు ఈస్టర్‌కు పనులన్నీ వదిలేసి ఊరికి పోయాను. పాస్టరమ్మ ఒక మూట చేతిలో పెట్టి, "నీకే ఇయ్యమన్నది. మూడేండ్ల సంది కట్టకుండ దాచింది" అంది. విప్పాను. లేత గులాబీ. నాన్న పుణె నుంచి తెచ్చిన నాటి రంగే. భుజం దగ్గర రెండు మాసికలు, అంచు పీలికలు. చెమట, మట్టి, పొయ్యి పొగ వాసన. అమ్మది కాదు, పెద్దమ్మది.

"మరి రూతమ్మ చీర ఎవరు పరుస్తరు? ఆమెకు ఎవరూ లేకపాయె" అన్నారెవరో వెనక నుంచి.

నా దగ్గర ఉన్నది ఒక్కటే చీర. దాన్నే జానెడు ఖాళీ మీద పరిచాను. "ఇది మీ అమ్మదా, రూతమ్మదా?" అని అడిగింది పాస్టరమ్మ. పీలికల అంచును సాపు చేశాను.

ఇప్పుడు ఎవరి బల్ల పరిచినా ఒక మూల జానెడు చెక్క వదిలేస్తాను. చేతికి అలా అలవాటైపోయింది. పొరపాటనుకుని ఇంటివాళ్లు వచ్చి గుడ్డ లాగి సరిచేస్తారు. చేయనిస్తాను.