గేటు లోపల సామి, గేటు బయట వదిన

మా వదిన పోయింది. పొద్దున్నే మా అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయినా, అమ్మ లేవలే. చాయ్ తీస్కపోయి పిలిస్తే పలుకలే" అన్నాడు. మియాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాట్ నుంచి బయల్దేరితే, గచ్చిబౌలి దాటి మా పాత ఊరికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒకప్పుడు ఇదే దారిలో సైకిల్ మీద పాట పాడుకుంటూ వచ్చేవాణ్ని. పాట అయిపోయేలోపే ఇల్లు వచ్చేది. ఆ రోజు మాత్రం కారులో కూర్చుని ముందు బండ్ల వెనక రాసినవన్నీ చదివాను. ఐదో తరగతిలో ఆపేసిన చదువు ఆ ఫ్లైఓవర్ మీద పూర్తయ్యేలా ఉంది.

ఇంట్లోకి అడుగుపెడుతుంటే, లేచి కూర్చుని తిడుతుందేమో అనిపించింది. "ఏం పిలగా, నా సావుకు గూడ ఆలస్యమేనా?" అని. వదిన మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నేను లాగు జారిపోకుండా చేత్తో పట్టుకుని తిరిగే వయసు. అప్పుడు పిలగా అంది. నాకు పెళ్లయినా పిలగానే, పళ్లూడినా పిలగానే. మనవలు వినేలా పిలవొద్దని బతిమాలితే, కావాలని ఇంకొంచెం గట్టిగా పిలిచేది. ఇప్పుడు ఈ నగరంలో అందరూ నన్ను అంకుల్ అంటారు, తాతా అంటారు, క్యాబ్ అబ్బాయి సార్ అంటాడు. పిలగా అనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మా ఊరు అన్నాను గానీ, మిగిలింది ఒక గల్లీ. గచ్చిబౌలికీ కోకాపేటకీ మధ్య, అద్దాల బిల్డింగుల సందులో పళ్ల మధ్య ఇరుక్కున్న పీచులా ఉంటుంది. వదిన అది ఒప్పుకునేది కాదు. "ఊరు యాడికీ పోలే పిలగా. దీని మీదికి ఇంకో ఊరు ఎక్కి కూసుంది" అనేది. ఆమె ఇంటి పై అంతస్తులు ఆడపిల్లల హాస్టల్. ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకున్న ఆ పిల్లలు దిగివచ్చేసరికి వదిన వాకిట్లో కూర్చుని బండ మీద ఎల్లిపాయకారం నూరుతూ ఉండేది. చేతిలో నల్లటి పొత్రం. వదిన అమ్మమ్మ అరగదీసింది, వదిన వాళ్లమ్మ అరగదీసింది, తర్వాత ఈమె. కొడుకు మిక్సీ కొనిస్తే దాని మీద గుడ్డ కప్పి దేవుడి ఫోటో పెట్టింది. "మిషిన్ల ఏసిన కారం ఒర్రుతది, నోరు మండుతది గాని రుచి చెప్పది" అనేది. ఆ పిల్లలు కారం కోసం డబ్బాలు పట్టుకుని ఆఫీసుకు ఆలస్యమైనా నిలబడేవాళ్లు.

మాలో చనిపోయినవాళ్లను కాల్చరు. సొంత చెలకలోనే, చేను గట్టు పక్కన పూడ్చి సమాధి కడతారు. మా అన్నను అట్లాగే పెట్టాం, పక్కన వదిన కోసం జాగా వదిలాం. పెద్దల అమావాస్యనాడు అక్కడికి వెళ్లి అన్నం, కూర, అన్నకిష్టమైన కల్లు పెట్టి, ఏడాదిపాటు దాచిన తిట్లన్నీ తిట్టి వచ్చేది వదిన.

ఆ చెలక ఎందుకమ్మారు అని మీరు అడుగుతారు. అడగడం మీకు సులువే. మీరు ఇప్పుడు కూర్చుని ఇది చదువుతున్న ఫ్లాట్ కింద కూడా ఎవరో ఒకరి చెలక ఉంటుంది. ముందు పెద్ద రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట ఆఫీసులు, ఆఫీసుల వెంట అపార్టుమెంట్లు. పక్కవాడు అమ్మి గోడ కట్టాడు, మా బండ్లబాట పోయింది. వాళ్ల బోర్లు తాగీ తాగీ మా బావిని ఎండబెట్టాయి. కలుపు తీసేవాళ్లందరూ గేటుల దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడ్డారు. మా పిల్లలా, వరి మొక్కకీ గడ్డి మొక్కకీ తేడా తెలియనివాళ్లు. ఇంకేం చేస్తాం? అమ్మిందీ మేమే, ఇవాళ ట్రాఫిక్‌లో హారన్ కొడుతూ తిట్టేదీ మేమే.

అందరం వేలిముద్రలు వేశాం, వదిన వేయలేదు. బిల్డర్ తరఫున వచ్చిన పెద్దమనిషి ముందు కూర్చుని, "మా ఆయన ఆడనే ఉంటడు. పక్కన నా జాగ నాకుండాలె. మాటియ్యి" అంది. ఆయన ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు. అప్పుడు గానీ ఆమె వేలిముద్ర వేయలేదు. సగం మాట నిలబెట్టుకున్నాడు కూడా. చుట్టూ టవర్లు లేచాయి, మధ్యలో తోట, తోటలో జనం తిరిగే బాట పక్కన మా అన్న. ఆ తర్వాత పెద్దమనిషి మారాడు, ఆఫీసు మారింది. మాట మాత్రం గాలిలో మిగిలింది.

ఆఫీసు మారిన ఏడాది పెద్దల అమావాస్యకు నేనూ వదినా వెళ్తే, గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ ఆపాడు.

"ఎవరింటికి అమ్మా?"

"నా మొగని కాడికి."

"ఫ్లాట్ నంబర్?"

"ఫ్లాట్ లేదు బిడ్డా. కిందనే ఉంటడు. ఈ బిల్డింగులు రాకముందుకెంచి ఉంటున్నడు."

"ఓటీపీ రావాలమ్మా. ఆయనకు ఒకసారి ఫోన్ కొట్టు."

"బతికున్నప్పుడే పిలిస్తే పలుకలే. ఇప్పుడు నువ్వు కొట్టు, నీకన్న పలుకుతడేమో చూస్త" అంది వదిన. నేను నవ్వాపుకోలేక గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్లవాడికి మాత్రం నవ్వు రాలేదు. వాడి తప్పేముంది? లోపలివాళ్లు బయటివాళ్లను ఎంత అనుమానిస్తే వాడికి అంత జీతం.

చివరికి లోపల ఫ్లాట్‌లో ఉండే ఎవరో పుణ్యాత్మురాలు ఫోన్‌లో సరే అంటే లోపలికి పోయాం. అక్కడ చూస్తే ఏముంది? మా అన్న సమాధికి పసుపు, కుంకుమ, పైన బంతిపూల దండ. చుట్టూ కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మ ప్రదక్షిణలు చేస్తోంది.

"చాలా మహిమ గల స్వామి అండి," అంది ఆమె నాతో. "ఇక్కడ పిల్లల జారుడుబల్లలు పెడదామని దీన్ని తీసేయబోయారు. మేమందరం అడ్డంపడ్డాం. మా అబ్బాయికి ఉద్యోగం ఈ స్వామి దయేనండి."

మా అన్న! గుడి మెట్టెక్కనివాడు, ఈతచెట్టుకు తప్ప దేనికీ తల పైకెత్తి చూడనివాడు! సొంత కొడుకును పదో తరగతి గట్టెక్కించలేనివాడు, ఎవరి కొడుక్కో ఉద్యోగం ఇప్పించాడట! నేను నోరు తెరవబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని గిల్లింది, తోలు ఊడేట్టు. తిట్లన్నీ మింగేసి, బుద్ధిగా చెంపలేసుకుని, చీపురు అడిగి చుట్టూ ఊడ్చింది.

గేటు దాటాక చెప్పింది. "పిచ్చి పిలగా, గోరి అని చెప్తే రేపే తవ్వి పారేస్తరు. సామి అంటే ఎవడు ముట్టడు. బతికున్నప్పుడు ఆయనకు ఎవడు మొక్కిండు? మొక్కనియ్యి."

"మరి నీ జాగా?" అన్నాను.

చేతికి అంటిన పసుపు కొంగుకు తుడుచుకుంది. "నన్ను ఆడ పెట్టాలంటే ఆయన ఎవరో చెప్పాలె. చెప్తే ఆయన గూడ ఉండడు. నాకు లేకున్నా మంచిదే. నువ్వు మాత్రం నోరు మూస్కో" అంది. నా నోరు సంగతి ఆమెకు బాగా తెలుసు.

అప్పటి నుంచి సామి చుట్టూ ఊడ్చే పెద్దమ్మగానే లోపలికి పోయి వచ్చింది. సొంత మొగుడి సమాధికి పనిమనిషిలా.

పోయిన రోజున మా అన్న కొడుకు ఆవేశపడ్డాడు. "మాటిచ్చిన్రు కద చిన్నాయినా! అమ్మను తీస్కపోయి గేటు ముంగట పెడతా. ఎట్ల రానియ్యరో చూస్త!" అన్నాడు. నాకూ రక్తం ఉడికింది. మా చెలకలో మా వదినకు ఆరడుగుల జాగా ఇవ్వం అనడానికి వీళ్లెవరు? కానీ గిల్లిన చోట ఇంకా మండుతున్నట్టే ఉంది. వాణ్ని పక్కకు పిలిచి వదిన మాట చెప్పాను. వాడు గోడకు తల ఆనించి ఏడ్చాడు. తర్వాత రింగ్ రోడ్డు అవతల, ఎవరి ఊరో తెలియని ఊరి శ్మశానంలో, మాకు సంబంధం లేని మట్టిలో వదినను పెట్టి వచ్చాం. వదినను తీసుకుపోయే బండి వెనక కూడా ఎవడో హారన్ కొడుతూనే ఉన్నాడు.

పదో దినం అయ్యాక నేనొక పని చేశాను. వదిన పొత్రం కడిగి, సంచిలో పెట్టుకుని, ఆ గేటు దగ్గరికి వెళ్లాను. సెక్యూరిటీ పిల్లవాడు సంచిలోకి చూసి, "ఏంది తాతా ఇది?" అన్నాడు.

"అమ్మవారు. ఓటీపీ అడుగుతవా?"

వాడు చటుక్కున చెప్పులు విప్పాడు.

అన్న పక్కన, వదిన కోసం వదిలిన ఆ జాగాలో, చిన్న గుంట తవ్వాను. రింగ్ రోడ్డు అవతల వదినను పెట్టిన చోటి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టి వేసి పొత్రం నిలబెట్టాను. కృష్ణా జిల్లా అమ్మ పరుగున వచ్చింది.

"ఈవిడ ఎవరండి?"

"సామి పెండ్లాం. ఒక్కడే ఎన్నేండ్లని ఉంటడు తల్లీ?"

"అయ్యో, నిజమే కదండి!" అని, పసుపు కోసం లోపలికి వెళ్లబోతూ ఆగింది. "మన ఊడ్చే పెద్దమ్మగారు ఈమధ్య కనబడట్లేదేంటండి?"

"వచ్చింది తల్లీ," అన్నాను. "ఇప్పుడే వచ్చింది."

ఇది ఏ టవరో చెప్పను. మీ తోటలో కూడా అట్లాంటి సామి ఉంటే, ఆరా తీస్తూ నన్ను వెతక్కండి, దండం పెట్టుకుని పొండి. నిన్న మళ్లీ వెళ్లాను. పొత్రానికి నిండుగా పసుపు పూసి, ఆకుపచ్చ జాకెట్టు ముక్క కట్టారు, ఎవరో గాజులు కూడా పెట్టారు. చుట్టూ అగరొత్తుల పొగ. నేను వంగి దగ్గరగా ముక్కు పెట్టాను. ఆ పసుపు కింద నుంచి, ఎంత కడిగినా పోని ఎల్లిపాయకారం వాసన, సన్నగా, ఘాటుగా వచ్చింది.