వెర్లీన్ మొగుడి గిటార్

మా మెంఫిస్‌లో గిటార్ వాయించేవాళ్ళకి కొదవ లేదు. స్టేజీ ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, పళ్ళతో తీగలు లాగి జనం చేత కేకలు పెట్టించేవాళ్ళు బోలెడుమంది. థర్మన్ గెయిన్స్ ఆ రకం కాదు. స్టూడియోలో పాడేవాళ్ళ మొహం కనబడేలా కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళు ఊపిరి పీల్చుకునే చోట మాత్రమే వాయించేవాడు. నా పేరు ఒడెస్సా. ఆ స్టూడియోలోనే కోరస్ పాడేదాన్ని. ఏళ్ళ తరబడి అతని పక్కన నిలబడి ‘ఊ’ కొట్టాను కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుంది.

థర్మన్ పుట్టింది మిసిసిపీ పత్తి చేల మధ్య. వాళ్ళ నాన్న ఎజెల్ గెయిన్స్ ఆ ఊరి చర్చిలో డీకన్, అంటే సంఘపెద్ద. పాటల పుస్తకం ఆయన దగ్గర ఒక్కటే ఉండేది, చదవడం వచ్చినవాళ్ళు కూడా తక్కువే. అందుకని డీకన్ ఒక పాదం గబగబా అందిస్తాడు, జనమంతా దాన్ని అందుకుని సాగదీసి సాగదీసి పాడతారు, మళ్ళీ ఆయన ఇంకో పాదం అందిస్తాడు. మా చర్చిల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు అలాగే పాడతారు. థర్మన్ గొంతు మాత్రం చిన్నప్పటినుంచీ ఘోరం. ఒకరోజు ఇంటి వసారాలో కీర్తన సాధన చేస్తూ వాళ్ళ నాన్న ఇక తట్టుకోలేకపోయాడు.

“నువ్వు నోరు మూసుకోరా నాయనా. నేను పాదం అందిస్తా, నువ్వు గిటార్‌తో బదులు చెప్పు. దేవుడికి కూడా చెవులుంటాయి.”

అలా నేర్చుకున్న విద్య అది. ఎవరో ఒకరు ముందు అడగాలి, ఆ తర్వాత ఇతను బదులు చెప్పాలి. పట్నం వచ్చి, ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుని, సోల్ పాటలకీ రాక్ పాటలకీ వాయించడం మొదలుపెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. పాడేవాళ్ళకి అదే కావాలి. ఎక్కడెక్కడినుంచో వచ్చిన గాయకులు మా స్టూడియోలో అడుగుపెడుతూనే “ఆ మూల కూర్చునే మనిషి ఉన్నాడా?” అని అడిగేవారు. స్టూడియో అంటే ఒకప్పటి ఐస్ ఫ్యాక్టరీ. దాని యజమాని క్లెల్ హార్గిస్ తెల్లవాడు, నోటి దురుసు మనిషి, పాట దగ్గర మాత్రం మోసం తెలియదు.

ఆ పాటలు దేశమంతా మోగాయి. అయితే ఆ రోజుల్లో రికార్డు లేబుల్ మీద పాడినవాళ్ళ పేరు, రాసినవాళ్ళ పేరు, కంపెనీ పేరు, అంతే. వాయించినవాళ్ళ పేరు వేయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. థర్మన్‌కి ఆ చింత లేదు. చింతంతా అతని భార్య వెర్లీన్‌ది.

వెర్లీన్‌కి మా వీధిలోనే బ్యూటీ పార్లర్ ఉండేది. అక్కడ రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. థర్మన్ వాయించిన పాట వచ్చిందంటే చాలు, జుట్టు సాపు చేసే వేడి దువ్వెన చేతిలో పట్టుకునే “అదిగో, గిటార్ మా ఆయనే!” అనేది. శనివారాల్లో జుట్టు చేయించుకోవడానికి వచ్చే సిస్టర్ ఐయోలా పీట్ ఊరుకునేది కాదు. చర్చిలో పాట ఎత్తేది ఆవిడే, ఊళ్ళో అందరి సంగతులూ ఎత్తేదీ ఆవిడే.

“అవునా తల్లీ? పోయిన వారం ఇంకో పాటకి కూడా ఆ మాటే అన్నావు. రేడియోలో వచ్చే గిటార్లన్నీ మీ ఆయనవేనా?”

“ఆయనవైతే ఆయనవి అనకుండా ఏమనమంటారు సిస్టర్?”

“నేను చూసినప్పుడల్లా మీ ఆయన చేపల గాలం పట్టుకునే కనబడతాడు మరి. లేబుల్ మీద పేరు చూపించు, నమ్ముతా.”

జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ల కింద కూర్చున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వేవారు. ఏళ్ళ తరబడి ఇదే వేళాకోళం. వెర్లీన్ పైకి నవ్వేసేది గానీ లోపల ఉడికిపోయేది. తన మొగుడు గొప్పవాడని చెబితే అబద్ధాలకోరు అనిపించుకోవడం కంటే అవమానం ఏముంటుంది? నాకే కడుపు మండేది.

ఒక ఏడాది థర్మన్ గిటార్ బదులు చెప్పిన పాట ఒకటి ఎక్కడ చూసినా మోగింది. హార్గిస్ సంతోషం పట్టలేక, “నీకేం కావాలో అడుగు” అన్నాడు.

“నా పేరుతో ఒక రికార్డు. ఒక్కటి చాలు.”

“పాడతావా ఏంటి?”

“నేను పాడితే మీ స్టూడియో మూసుకోవాలి. గిటారే.”

పాట కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. పేరు ‘వెర్లీన్ నడక’. ఆదివారం కీర్తనలా నెమ్మదిగా సాగుతుంది, కింద డ్రమ్స్ మాత్రం శనివారం రాత్రి డాన్సులవి. రికార్డింగ్ మొదలైంది. థర్మన్ ఒక వరస వాయించి ఆగాడు. డ్రమ్స్ నడుస్తున్నాయి, బేస్ నడుస్తోంది, గిటార్ లేదు. కాసేపటికి ఇంకో వరస వాయించి మళ్ళీ ఆగాడు.

హార్గిస్ టేపు ఆపించాడు. “థర్మన్, వాయిస్తున్నావా, బస్సు కోసం చూస్తున్నావా?”

“వాయించానుగా!”

విన్నాక గానీ అతనికి తెలియలేదు. పాటలో సగం ఖాళీ. ఎవరో పాదం అందిస్తారని చేతులు వాటంతటవే ఆగిపోతున్నాయి. ఖాళీలు నింపమన్నారు, నింపాడు. ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు ఉంది. అతను గిటార్ ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. దొరకక దొరికిన అవకాశం చేజారిపోతోందని నాకు భయం వేసింది. వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాను. శబ్దం బయటికి రానివ్వకుండా పెదాలతో కీర్తన అందించాను. నేను ఒక పాదం, అతను ఒక బదులు. ఆఖరిదాకా ఒక్క తప్పు లేకుండా వాయించాడు. ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి గానీ ఇప్పుడు వాటికి ప్రాణం ఉంది. హార్గిస్ చాలాసేపు గడ్డం గోక్కుని, “ఇది అమ్ముడుపోదు. అయినా మాటిచ్చాను” అన్నాడు.

రికార్డుల పెట్టె వచ్చిన రోజు వెర్లీన్ కొత్త గౌను వేసుకుంది. పెట్టె విప్పి లేబుల్ రెండుసార్లు చదివింది. ‘హెర్మన్ గెయిన్స్’ అని ఉంది. అచ్చు వేసేవాళ్ళకి హార్గిస్ ఫోన్‌లో పేరు చెప్పాడట, వాళ్ళకి అలా వినబడిందట. పెట్టెలో ఉన్నవన్నీ హెర్మన్లే. థర్మన్ మాత్రం, “పోనీలే, హెర్మన్ కూడా బాగానే వాయించాడు” అన్నాడు. 

వెర్లీన్ ఊరంతా ముందే చాటేసింది కాబట్టి దాచడం కుదరలేదు. శనివారం నేను కూడా పార్లర్‌లోనే ఉన్నాను. సిస్టర్ ఐయోలా అడిగి మరీ రికార్డు తీయించుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

“హెర్మన్ ఎవరే వెర్లీన్? నీ మరిదా?”

నవ్వులకి పార్లర్ దద్దరిల్లింది. వెర్లీన్ కళ్ళు నిండిపోయాయి. నాకు ఒళ్ళు మండి, ఆవిడ చేతిలోంచి రికార్డు లాక్కుని ప్లేయర్ మీద పెట్టాను.

గిటార్ ఒక వరస పలికి ఆగింది. “రికార్డు పాడైందేమో” అందొక ఆవిడ. ఇంకో వరస పలికి మళ్ళీ ఆగింది. సిస్టర్ ఐయోలా డ్రయ్యర్ టోపీ పైకెత్తింది. జన్మంతా పాట ఎత్తిన గొంతు ఆవిడది, ఖాళీ కనబడితే ఊరుకోలేదు. మూడో ఖాళీలో చర్చి కీర్తన పాదం ఒకటి అందించింది. గిటార్ దాన్ని అందుకుని సాగదీసింది. ఆవిడ ఉలిక్కిపడి ఇంకో పాదం అందించింది, గిటార్ మళ్ళీ బదులిచ్చింది. తర్వాతి పాదానికి ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. నేను కూడా కలిపాను, ఈసారి శబ్దంతోనే.

పాట అయిపోయింది. సిస్టర్ ఐయోలా మెల్లగా, “రేడియోలో ఆ పాటలన్నిట్లో ఇలా ఆగి బదులు చెప్పేది ఈయనేనా?” అంది.

వెర్లీన్ తల ఊపింది. 

“మరి ఇన్నాళ్ళూ గట్టిగా చెప్పలేదేమే?” అని ఎదురు కోప్పడింది ఆ మహాతల్లి.

హార్గిస్ అన్నట్టే ఆ రికార్డు అమ్ముడుపోలేదు. మధ్యలో శబ్దం పోతోందని కొట్లవాళ్ళు వెనక్కి పంపేశారు. థర్మన్ మళ్ళీ తన కుర్చీలో కూర్చుని, స్టూడియో మూతపడేదాకా ఎవరెవరి పాటలకో వాయించాడు. మళ్ళీ తన పేరు అడగలేదు.

పార్లర్‌లో మాత్రం పరిస్థితి తిరగబడింది. రేడియోలో ఏ గిటార్ మోగినా సిస్టర్ ఐయోలా కొత్తగా వచ్చినవాళ్ళ మోచెయ్యి పొడిచి, “అది మా వెర్లీన్ మొగుడు!” అనేది. తక్కినవాళ్ళు అవునవునని వంత పాడేవారు.

“కాదు సిస్టర్, అది ఆయన కాదు. వేరే ఎవరో” అనేది వెర్లీన్, జుట్టు దువ్వుతూ. ఆ ‘కాదు’ అనేటప్పుడు ఆమె మొహం చూడాలి. అంత గర్వం ‘అవును’ అన్నప్పుడు కూడా నేను చూడలేదు.