బుట్టచేతుల గౌను

ఆ శనివారం మధ్యాహ్నం అమెరికాలోని పిస్కాటవేలో మా యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో ఉన్నవాళ్లు: నేను, నాతో పార్ట్‌టైమ్ చేసే అమ్మాయి, నా రూమ్మేట్, ఇరవైమంది దాకా సందర్శకులు. ఉన్నవి: గోడలకు పన్నెండు బొమ్మలు, రెండు జగ్గుల నిమ్మరసం, మామిడిపిందెల అంచున్న ఎర్ర శాలువా.

బొమ్మలు రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్ ప్రేమ నవలలవి. వాటిని స్కాన్ చేసి ఒక్కోదానికి విభాగం, వివరాలు రాయడం ఆ అమ్మాయిదీ నాదీ పని. ఎలా రాయాలో నియమాల పత్రం తయారుచేసింది నేనే. ఆ బొమ్మల్లో ముద్దులుండవు, కౌగిలింతలుండవు. ప్రేమ ఉందో లేదో చేతులను చూసి తేల్చాలి. అందుకే నాలుగో నియమం ఇలా రాశాను: అమ్మాయి భుజాల మీద పనిమనిషి శాలువా కప్పితే ‘దుస్తులు’, యువకుడు కప్పితే ‘ప్రేమ’.

అది చదివి ఆమె చాలాసేపు నవ్వింది. "మరి అంకుల్ కప్పితే?"

"వాతావరణం," అన్నాను.

ఆ శనివారం ఈ బొమ్మల ప్రదర్శన మొదటిరోజు. దానికోసం ఆమె వాటిలో ఒక బొమ్మ చూసి తెల్ల గౌను కుట్టుకుంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, వీడియోలు చూసి కుట్టుమిషన్ నేర్చుకుంది. మూడు వారాలు పట్టింది. సరిగ్గా ఆ బొమ్మ కిందే నిలబడి, శాలువా నా చేతికిచ్చి, అటు తిరిగింది.

"కప్పు. ఫోర్త్ రూల్," అంది మెల్లగా.

నా రూమ్మేట్ ఫోన్ ఎత్తాడు. "ఏంది మామా, గిదా నీ లైబ్రరీ డ్యూటీ? ఆగు, గ్రూప్‌ల పెడ్తా!"

ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. శాలువా మడత కూడా విప్పలేదు నేను.

"ఈ బుట్టచేతులు తప్పు," అన్నాను, ఫోన్‌లో రికార్డయ్యేంత గట్టిగా. "బొమ్మ వేసినవాడు నవల వచ్చిన ఎనభై ఏళ్లకు వేశాడు. తన కాలం ఫ్యాషన్ పెట్టేశాడు. నువ్వు క్రాస్‌చెక్ చేయకుండా కుట్టేశావు. నడుము కూడా రెండంగుళాలు కిందికి ఉంది."

ఆమె ఇటు తిరిగింది. "ఇంకా?"

చెప్పాను. గ్లవ్స్ పొడవు గురించి చెప్పాను. బొత్తాల గురించి చెప్పాను.

"ఓకే. గుడ్ టు నో," అని శాలువా తీసుకుని కుర్చీ మీద పెట్టింది.

ఆమె ఏం అడిగిందో నాకు అర్థం కాలేదని కారులో రూమ్మేట్‌తో అన్నాను. అబద్ధం. ఆ నియమం రాసినవాణ్ని నేను. వాడి నవ్వుకు భయపడి, నాకు తెలిసిన నాలుగు వివరాల వెనక దాక్కున్నాను.

అంతకుముందు, సాయంత్రం నాలుగు దాకా ఆమె సందర్శకులకు బొమ్మలు చూపిస్తూనే ఉంది. వచ్చిన ప్రతి గుంపుకూ తన భుజం ముట్టుకుని, ఈ బుట్టచేతులు ఆ కాలానివి కావని, తాను కుట్టింది తప్పు గౌనని నవ్వుతూ తానే చెప్పింది. నేను పక్కనే గ్లాసుల్లో నిమ్మరసం పోశాను.

సోమవారం నుంచి నాతో పని గురించి మాత్రమే మాట్లాడింది. నేను సారీ చెప్పలేదు. ప్రతిసారీ రేపు చెబుదామనుకున్నాను. ఆమె వేరే ఉద్యోగానికి మారేలోపు మేం పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చేసిన షిఫ్టులు పదకొండు.