తోలు బెల్టు చేయని నేరం

నంద్యాలలో పాతకాలం వాళ్లు ఇప్పటికీ వెనక చక్రాన్ని తోలు పట్టీతో తిప్పే బెల్టు మోటారు బండి మాటెత్తితే నవ్వుతారు. గొలుసు తెగినా అతుక్కుంటుంది, షాఫ్టుకు చావు లేదు, తోలు బెల్టు మాత్రం నడిబజారులో పరువు తీస్తుందంటారు. ఆ చెడ్డపేరు తెచ్చింది తోలు కాదు, నేను.

యాభైల నడిమి సంగతి. మా మేనమామకు ఒక దొర వదిలిపోయిన బెల్టు మోటారు సైకిలు ఉండేది. ఆయన స్నేహితుడైన పత్తి వ్యాపారి బండికి గొలుసు. ఆళ్లగడ్డ కంట్రాక్టరు మిలిటరీ వేలంలో కొన్నదానికి షాఫ్టు, అంటే చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీ. గొలుసూ బెల్టూ లేకుండా తిరిగే ఆ చక్రానికి కొందరు దండం కూడా పెట్టేవాళ్లు. గొలుసు నూనె కక్కి పంచె పాడుచేస్తుందని, షాఫ్టు చెడితే విప్పేవాడు మద్రాసులో ఉంటాడని, తోలైతే చప్పుడు లేకుండా పోతుందని మామ వాదన. చివరికి ముగ్గురూ పందెం వేసుకున్నారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఎవరు కడాన చేరితే వాళ్లు అక్కడే మీసం తీయించుకోవాలి. మామ మీసం చెవుల దాకా ఉండేది. ఇంట్లో దానికి నాకంటే మర్యాద ఎక్కువ.

మా ఇళ్లలో ఇరుసుకు కందెన పూయకుండా ఎడ్లబండి కట్టరు. ఆముదంలో గడ్డి మసి కలిపిన ఆ నల్లటి ముద్దతో తిరిగేదేదైనా సుఖంగా తిరుగుతుందని మా నమ్మకం. మామ తలగుడ్డ చుట్టుకునే లోపల, ఆయన గెలవాలని, కందెన గొట్టమంతా ఖాళీ చేసి బెల్టుకు పట్టించాను.

మిగతా రెండు బండ్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. మామ బండి గర్జించింది గానీ జానెడు కదల్లేదు. కందెనకు పట్టు తప్పి బెల్టు ఉన్నచోటే జారుతోంది. మామ బలం కూడగట్టుకుంటున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"ఏందప్పా, నిలబడే పరుగెత్తుతాండావ్?" అన్నాడు ఎదురింటి ముసలాయన.

బండి కట్టడానికి మామ ఎడ్లను విప్పుకురాను పోయినప్పుడు, ఆయన కంట పడకుండా నేను బెల్టును గడ్డితో తుడిచేశాను. పందెం మధ్యలో విడిస్తే ఇంకా నామర్దా అని ఆయన మోటారు సైకిలును మా ఎడ్లబండి వెనక కట్టించాడు. ఇరుసుకు పూయడానికి కందెన మిగల్లేదు. ఆళ్లగడ్డ దాకా బండి కీచుమని ఏడుస్తూనే ఉంది. వెనక మామ హ్యాండిలు పట్టుకుని, ఎదురొచ్చిన వాళ్లకు తల పంకిస్తూ కూర్చున్నాడు. ఆ ఏడుపు దూరం నుంచే విని మంగలి కత్తి నూరి పెట్టుకున్నాడు.

మామ ఆ బండి అమ్మేసి గొలుసుది కొన్నాడు. తెచ్చిన దినమే నన్ను పిలిచి, బోడి పెదవి తడుముకుంటూ అన్నాడు:

"అల్లుడా, దీనికి కందెన బాగా పట్టించు. ఆ దినం తోలుకు గూడా రాసింటే నా మీసం యాడికీ పోయేది గాదు."

అప్పుడే చెప్పాల్సింది. గొట్టం అందుకుని ఆయన ముందే గొలుసుకు పట్టించాను. అది సుఖంగా తిరిగింది.