స్పెసియోజ్ పొదిగించే పెట్టె

మా నకివాలే శరణార్థి శిబిరంలో కోడిపిల్లలు కావాలంటే అందరూ స్పెసియోజ్ గడప తొక్కాల్సిందే. బురుండీ నుంచి పారిపోయి వచ్చినప్పుడు ఆమెకు కట్టుబట్టలు తప్ప ఏమీ లేవు. అక్కడ కోళ్లు పెంచిన అనుభవం మాత్రం ఉంది. వడ్రంగి చేత ఒక చెక్కపెట్టె చేయించి, లోపల నాలుగు బల్బులు బిగించి, ఆ వేడితో గుడ్లు పొదిగించడం మొదలుపెట్టింది. పక్కింటిదాన్ని కదా, మొదటి విడత పిల్లలు పెట్టెలో కిచకిచలాడిన రోజు ఆమె ఎలా ఏడ్చిందో నాకు తెలుసు.

కరెంటు మాత్రం మటబారోది. కాంగో మనిషి. బజారులో ఉన్న తన జనరేటరు నుంచి వైర్లు లాగి మంగలి కొట్టుకూ, ఫోన్లు ఛార్జింగు పెట్టే కొట్టుకూ, టికెట్టు పెట్టి తను నడిపే టీవీ హాలుకూ, స్పెసియోజ్ పెట్టెకూ ఇచ్చాడు. రాత్రి జనరేటరు ఆపేశాక ఆమె వేడినీళ్ల డబ్బాలు పెట్టెలో పెట్టి, తెల్లారేదాకా మారుస్తూ ఉండేది.

ఆ విడత ఎనభై నాలుగు గుడ్లు. తొమ్మిదిమంది ఆడవాళ్లు నమ్మి ఇచ్చినవి. చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టేలా ఒకరి గుడ్ల మీద సున్నా, ఇంకొకరి వాటి మీద అడ్డగీత. పాస్కజీ అనే వితంతువు తన నాలుగు పెట్టలూ పెట్టిన గుడ్లన్నీ కూడబెట్టి పద్నాలుగు ఇచ్చింది.

పందొమ్మిదో రోజు ఆదివారం. ఇంకో రెండు రోజుల్లో పిల్లలు రావాలి. మేమిద్దరం చర్చికి వెళ్లి, ఎవరిదో బాప్తిస్మం విందులో తిని, మూడింటికి తిరిగొచ్చాం. పెట్టెలో వెలుగు లేదు. స్పెసియోజ్ లోపల చెయ్యి పెట్టి చూసింది.

"చల్లబడిపోయాయే," అంది.

బజారులో జనరేటరు మోగుతూనే ఉంది. ఆమె అటు పరుగెత్తింది, వెనకే నేను. టీవీ హాలు నిండా ఫుట్‌బాల్ చూసే జనం. మటబారో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నా లైను తీసింది నువ్వేనా?"

"రెండు మ్యాచులు అయ్యేదాకా ఓర్చుకో అక్కా. డీజిలు లారీ బురదలో దిగబడిపోయింది. ఉన్న చుక్క డీజిలుతోనే ఈ రోజు గడపాలి. పొద్దున పదింటికి తీశాను."

"ఒక్క మాట చెప్పి తీయకూడదూ? ఆ గుడ్లలో ప్రాణాలున్నాయి రా!"

"ఎవరికి చెప్పను? నువ్వు దేవుడితో మాట్లాడుతూ కూర్చుంటివి."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. అతనికే సిగ్గేసినట్టుంది, గొంతు తగ్గించాడు. "హాలు నడవకపోతే రేపు డీజిలు కొనలేను. అప్పుడు నీ బల్బులూ వెలగవు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆమె గబగబా వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి నీళ్లు కాచాం. కబురు తెలిసి గుడ్లిచ్చిన ఆడవాళ్లంతా వచ్చారు. బొగ్గు అయిపోతే తలా ఇంత తెచ్చారు. మా ఇంట్లో పొదుగుతున్న పెట్ట కింద పదకొండు గుడ్లు సర్దాను. పాస్కజీ తన గుడ్లను బట్టలో చుట్టి పొట్టకు కట్టుకుంది. స్పెసియోజ్ ఒక్కొక్క గుడ్డూ చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. ఒకదానిలో సన్నగా కీచుమంటే అందరికీ అందించింది.

చివరికి ఇరవై ఆరు పిల్లలు వచ్చాయి. మిగతా గుడ్లు పగలగొట్టి చూస్తే లోపల ఈకలతో సహా తయారైన పిల్లలు, కదలకుండా. పాస్కజీకి దక్కినవి రెండే.

స్పెసియోజ్ తన కోడిపెట్టను చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లింది. "ఇది నీది, తీసుకో."

"నీ పెట్ట కూడా ఇచ్చేస్తే నువ్వేం తింటావే, పిచ్చిదానా! తీసుకుపో," అని పాస్కజీ తలుపు దగ్గరికి వేసేసింది.

ఆ వారం గుడ్లిచ్చినవాళ్లలో పాస్కజీ తప్ప మిగతా ఎనిమిదిమందీ కలిసి మటబారో దగ్గరికి వెళ్లారు. ఇకమీదట ముందుగా కబురు పెట్టి గాని లైను తీయనని ఒప్పుకున్నాడు. రెండుసార్లు మాట నిలబెట్టుకున్నాడు. మూడోసారి కబురు పెట్టకుండానే తీసేశాడు. ఆ రోజు స్పెసియోజ్ ఇంట్లోనే ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడామె విడతకు ముప్పై గుడ్లే తీసుకుంటోంది. ఎవరైనా ఇంకా తీసుకోమంటే, "కరెంటు నాది కాదమ్మా. నాది కానిదాని మీద మాట ఎలా ఇవ్వను?" అంటుంది.

పాస్కజీ మళ్లీ గుడ్లు తేలేదు. పెట్టినవి పెట్టినట్టే సంతలో కూరకు అమ్ముకుంటోంది.