రెండో కుదుపు

2004 ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఆ రోజుల్లో ఉద్యోగానికి నేను పసిపిల్లను. వయసు మాత్రం నలభై ఆరు నిండింది. మైదుకూరు దగ్గర నేతపని చేసేవాళ్ళ ఊళ్ళో విద్యా వాలంటీరుగా పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. పరీక్షల ముందు కాబట్టి పొద్దున్నే ప్రత్యేక తరగతి. అల ముందుకు పోతుంది, దాన్ని మోసే పదార్థం మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. ఈ ఒక్క మాటనూ మూడు రోజుల్లో పదకొండుసార్లు చెప్పాను (లెక్క నాది). పన్నెండోసారి నోరు తెరవగానే వెనక బెంచీలోంచి ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచింది.

"అదెట్ల మేడం? అల పోతే దారం గూడా పోవాల గదా!"

నా ఓపిక అక్కడితో సరి. అందరినీ లేపి బడి వెనక వీధికి తీసుకుపోయాను. అక్కడ ఆ పిల్ల నాయన చీరకు నిలువునా వచ్చే పడుగు దారాలను వీధి పొడవునా బిగించి, గంజి పెట్టి కుంచెతో దువ్వుతున్నాడు.

"ఒక్కసారి కదిలిస్తానప్పా, పిల్లోళ్ళకు చూపియ్యాల."

"మెల్లిగా మేడం, తడి ఆరల్యా. శుక్రవారానికి చీర దిగకుంటే షావుకారు మళ్ళా నూలియ్యడు."

ఆ పిల్ల రిబ్బను ఒకటి విప్పించి, నడిమధ్య కొన్ని పోగులను కలిపి నేనే ముడి వేశాను. ఈ కొసన చేత్తో చిన్నగా కొట్టాను. రిబ్బను కొద్దిగా లేచి, దిగి, అక్కడే నిలిచింది.

"చూస్తిరా?"

"కనపల్యా మేడం!"

రెండోసారి గట్టిగా కొట్టాను. అల అవతలి గుంజ దాకా పోయి, తలకిందులై తిరిగొచ్చింది (పాఠంలో ఉన్నదే, నాకు కంఠతా వచ్చు). ముడి దగ్గర పోగులు టపటపా తెగాయి. నా కళ్ళద్దాల నిండా గంజి.

నేతాయన కుంచె కింద పెట్టి, తెగిన కొసలు ఏరుతూ కూర్చున్నాడు. ఆయన భార్య మాత్రం గడప దిగి వచ్చింది.

"అయిపాయెనా మేడం పాఠం? ఇంగ ఈడ కూచోండి. అతకనీకి మనుషులు కావాల."

కూర్చున్నాను. రిబ్బన్ల పిల్లే నాకు పంతులమ్మ. నేను అతికిన పోగు అతికినట్టే ఊడిపోయేది.

"అట్ల గాదు మేడం, ఎన్నిసార్లు చెప్పాల?"

(తొమ్మిది. అదీ లెక్కపెట్టాను.)

చీర శనివారం దిగింది. షావుకారు అరగంట తిట్టి, నూలు ఇచ్చాడు. పరీక్షలో ఆ పిల్ల అలల ప్రశ్నకు పడుగు బొమ్మ వేసి వచ్చానంది, రిబ్బనుతో సహా. కళ్ళద్దాల మీద గంజితో నిలబడిన ఆ మేడం ఇప్పుడు ఎదురైతే అడగాలని ఉంది: రెండోసారి కొట్టమని నిన్నెవరు అడిగారమ్మా?

పోయినవి: పోగులు నలభై మూడు, ఎర్ర రిబ్బను ఒకటి, నేతాయనకు ఒక రోజు.