ఇంకా ఒట్టెయ్యనివాణ్ణి

జగ్గయ్యపేటలో ఎక్కిన బస్సు, నందిగామ ఇంకా దూరముందనగా లారీల వెనక ఇరుక్కుపోయింది. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియనంత కిక్కిరిసి నిలబడ్డాం. పాత ఆటో అమ్మిన డబ్బుతో కొన్న బంగారం బిళ్ళ నా జేబులో ఉంది. కొత్త ఆటో కొనేలోపు ధర పెరుగుతుందనుకుంటే రోజురోజుకీ తగ్గుతోంది. ఇంకా తగ్గితే ఆ డబ్బుకి ఆటో చక్రాలే వస్తాయి.

బస్సంతా అదే గోల. బ్యాంకులు వడ్డీ పెంచాయట. ఇక జన్మలో బంగారం కొననని ఒకాయన ఒట్టేశాడు. చూసి వెనక సీటువాళ్ళూ వేశారు.

కిటికీ పక్కన బురఖాలో ఒక పెద్దావిడ నవ్వుకుంటోంది.

"బంగారం ధర అడుక్కి చేరిందా, ఇంకా దిగుద్దా? మీరైనా చెప్పండమ్మా" అన్నాను.

"వడ్డీ పెరిగితే జనం బ్యాంకుకి పోతారు, తగ్గితే మళ్ళీ బంగారానికే వస్తారు నాయనా. ఎప్పుడు తగ్గిద్దో నాకేం తెలుసు? ఇక కొనం అని అందరూ ఒట్టేసుకున్నాక మాత్రం పడదు. భయపడి అమ్మేవాళ్ళంతా అప్పటికే అమ్మేసుంటారుగా."

"బస్సంతా ఒట్టేసిందిగా! అయితే ధరకి అడుగు ఇదే."

జేబుని అదిమిపట్టిన నా చేతిని ఆవిడ చూసింది.

"నువ్వింకా వెయ్యలేదుగా. వేసే రోజు నాకో మాట చెప్పు, ఆ రోజే కొనుక్కుంటా."

అందరూ నవ్వారు. నేను అమ్మితే మర్నాడే ధర లేస్తుంది, అమ్మకపోతే ఇంకా పడుతుంది.

బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నందిగామకి ఇప్పుడూ బస్సులో నిలబడే వెళ్తున్నాను.